ఇనుప కొంగ కింద జనం

1985 మే నెల, ఓ ఆదివారం. పొద్దున ఏడు కూడా కాలేదు. వికారాబాద్ స్టేషను ఎదుట టైలరు దుకాణం మీదున్న గది తలుపును ఎవరో అరచేతులతో దబదబా బాదారు. అప్పుడే ఊడ్చి కుర్చీలు సర్దుతున్న సత్యమ్మ గడియ తీసింది. ముప్పై ఏళ్ల మనిషి లోపలికి వచ్చి గుమ్మం దగ్గరే కూలబడింది. కాళ్లకు చెప్పులు లేవు. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"డిటెక్టివ్ సాబ్ ఉన్నడా అమ్మా? తాండూరు నుంచి తొలి బండికి వచ్చిన. నా పేరు హన్మమ్మ. మా ఆయన పెయింటర్ బిచ్చయ్య. ఆయనను కొట్టి ఠాణాల ఏసిన్రు."

ఇబ్రహీం లోపలి గదిలోంచి వచ్చి ఆమె ఎదుటే నేల మీద కూర్చున్నాడు. రైల్వేలో పోయిన సామాన్ల జాడ తీసే ఉద్యోగం ఇరవై ఏళ్లు చేసి, ఇప్పుడు పోయిన మనుషుల జాడ తీస్తున్నాడు. సత్యమ్మ ఆయన దగ్గర పనికి చేరి ఏడేళ్లయింది. అంతకు ముందు టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసింది. రోజుకు వందల గొంతులు విన్న తనకు కూడా పట్టుబడని అబద్ధం ఆయన చెవికి ఎలా దొరుకుతుందో ఆమెకు ఇప్పటికీ వింతే.

"జర నీళ్లు తాగు బిడ్డా. మొదటి నుంచి చెప్పు. ఎవరికి ఏమైంది?" అన్నాడు.

హన్మమ్మ చెప్పింది. నాపరాతి గనిలో పనిచేసే భాగమ్మ శుక్రవారం పొద్దుగూకే వేళ బిందె పట్టుకుని నీళ్లకు పోయింది, తిరిగి రాలేదు. బిందె మాత్రం గని దారిలో దొరికింది. మూడు వారాల కింద ఆమె పెనిమిటి బండ కింద నలిగి చనిపోయాడు. వేళగాని వేళ రాళ్లు పగలగొట్టే మందు పేల్చడం వల్లే బండ జారిందని ఆమె అందరితో అంటూ వచ్చింది. సోమవారం హైదరాబాదు నుంచి గనుల తనిఖీ అధికారి వస్తున్నాడు. ఆయన ముందర చెప్తానని కూడా అన్నది.

"మరి మీ ఆయన మీద అనుమానం ఎందుకు?"

"బొమ్మ తోటి సారూ! ముర్తుజా భాయ్ వీడియో హాల్ల జపాను బొమ్మల సినిమా ఆడుతున్నది. దాని పోస్టర్ మా ఆయనే గీసిండు. ఏ బొమ్మ గీసినా అండ్ల మనోళ్లను ఇరికిచ్చుడు ఆయనకు పిచ్చి. 'గా జనంల నన్ను సుత నిలబెట్టు అన్నా' అని భాగమ్మే అడిగింది. గీసిండు. ఆమె కనబడకపోయే వరకు గనోళ్లు మా కొట్టం సోదా చేసిన్రు. ఆమె ముఖం గీసిన కాయితాలు పది దొరికినయి. ఇగ ఈడే ఏదో చేసిండని మీద పడి కొట్టిన్రు." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "శుక్రవారం ఆయన కొట్టంల ఒక్కడే ఉన్నడు. సాక్ష్యం లేదు. రెండు రోజులాయె. గా పిల్ల బతికి లేకుంటే మా ఆయన సుత బతకడు సారూ."

ఇబ్రహీం లేచి చొక్కా వేసుకున్నాడు. "సత్యమ్మా, భాగమ్మను ఏడనన్న మూసిపెట్టి ఉంటే, ఈ ఎండల నీళ్లు లేకుంటే మనిషి ఎన్ని దినాలు ఆగుతడు?"

సత్యమ్మ సీసాలో నీళ్లు నింపి సంచిలో పెట్టుకుంది. ఆయన అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

తాండూరులో దిగేసరికి పదిన్నర. బండల మీంచి సెగ ముఖానికి కొడుతోంది. ముర్తుజా వీడియో హాలు అంటే రేకుల షెడ్డు, దుబాయి నుంచి తెచ్చిన కలరు టీవీ, చాపలు. బయట గోడకు నిలువెత్తు పోస్టర్ ఉంది. రెక్కలు చాచిన పెద్ద ఇనుప కొంగ, దాని మీద చారెడు కళ్ల పిల్ల. కింద తలలెత్తి చూస్తున్న జనం. ఆ జనంలో భాగమ్మను హన్మమ్మ వేలు పెట్టి చూపింది. బక్కపలచని ముఖం, నవ్వు. పక్కన గొంగడి కప్పుకున్న ముసలాయన, భుజాల మీద నల్ల గొర్రెపిల్ల. ఇబ్రహీం ఆ బొమ్మను చాలాసేపు చూశాడు.

"జపాను మాటలు జనానికి ఎట్ల తెలుస్తయి?" అని ముర్తుజాను అడిగాడు.

"నేనే పక్కన నిలబడి తెలుగుల చెప్త సాబ్. శుక్రవారం ఆరింటి ఆటకు నలభై మంది ఉన్నరు. చీకట్ల ఎవరు వచ్చిన్రో, ఎవరు లేచి పోయిన్రో నాకు కానరాదు."

అక్కడి నుంచి గనికి వెళ్లారు. మేస్త్రీ అంజిలయ్య ఆఫీసు ముందర మంచం మీద ఉన్నాడు. బిచ్చయ్యను ముందుగా కొట్టింది ఇతనే. భాగమ్మ బిందె దొరికింది కూడా ఈ ఆఫీసుకు వంద అడుగుల దూరంలోనే.

"శుక్రవారం సాయంత్రం మీరెక్కడున్నరు?"

"నన్ను అడుగుతున్నవా? ఆ పెయింటర్ గాడు లోపల్నే ఉన్నడు కద!" అంజిలయ్య జేబులోంచి చినిగిన టికెట్ ముక్క తీసి చూపాడు. "ముర్తుజా హాల్ల ఉన్న. ఆరు నుంచి ఎనిమిది దాంక."

"సినిమా బాగున్నదా?"

"మస్తుగున్నది. కొంగ మీద పిల్ల ఎగురుతది. ఆఖరుకు కిందికి దిగుతది."

"దిగినంక?"

అంజిలయ్య టికెట్ ముక్కను తిరిగి జేబులో పెట్టుకున్నాడు. "జనం అంత చూస్తుంటరు. గొంగడి ముసలోడు, భుజం మీద గొర్రెపిల్లతోని ఏడుస్తుంటడు. మంచిగ తీసిన్రు."

"గొర్రెపిల్ల తెల్లదా?"

"నల్లది. నాకు మంచిగ యాదికున్నది."

అతని నడుముకు తాళంచెవుల గుత్తి వేలాడుతోంది. ఇబ్రహీం దాన్ని చేతిలోకి తీసుకుని, "గిన్ని తాళాలు మీ ఒక్కరి మీదనేనా!" అన్నాడు. పొగడ్తకు అంజిలయ్య కొద్దిగా మెత్తబడి ఒక్కొక్కటే చెప్పాడు: ఆఫీసు, గోదాము, డీజిలు గది.

"ఈ పెద్దది?"

"మూసేసిన గని గుంత దగ్గరి పాత పేలుడుమందు గదిది. ఏడాది సంది తెరవలే."

గుత్తి వదిలేశాక ఇబ్రహీం రుమాలుతో వేళ్లు తుడుచుకున్నాడు. గుడ్డ మీద నల్లటి నూనె మరక పడింది. సత్యమ్మ చూసింది. మిగతా తాళంచెవుల నిండా రాతిపొడి ఉంది. పెద్ద తాళంచెవి ఒక్కటే నిగనిగలాడుతోంది.

గేటు దాటగానే ఆయన నడక పరుగైంది. "హన్మమ్మను ఎస్సై దగ్గరికి తీసుకపో సత్యమ్మా. బిచ్చయ్యను వెంటబెట్టుకుని అరగంటల వీడియో హాలుకు రమ్మని బతిమాలు. అంజిలయ్యకు, కూలీలకు కబురు పెట్టమను. సాక్ష్యం కండ్ల చూడందే ఎస్సై గని గదులు తెరిపియ్యడు. ఎస్సై లేకుండ గనోళ్లు మనలను ఆ గుంత దిక్కు పోనియ్యరు."

సత్యమ్మ ఇంతకు ముందెప్పుడూ ఎవరి ముందూ చేతులు జోడించలేదు. ఆ రోజు జోడించింది. ఎస్సై ఆమె ముఖంలోకి చూసి టోపీ అందుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం రేకుల షెడ్డు కొలిమిలా ఉంది. బిచ్చయ్య పెదవి చిట్లి, ఒక కన్ను మూసుకుపోయి గోడకు ఆనుకున్నాడు. గని కూలీలు చాపల మీద కూర్చున్నారు. అంజిలయ్య తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ముర్తుజా భాయ్, ఆఖరు పది నిమిషాలు ఎయ్యి," అన్నాడు ఇబ్రహీం.

ఇనుప కొంగ సముద్రం మీదుగా ఎగిరింది. మంచు కొండ మీద వాలింది. పిల్ల దిగి ఒంటరిగా నడుచుకుంటూ పోయింది. తెర నల్లబడింది.

"ఇంతేనా?"

"ఇంతే సాబ్."

"జనం ఏరి? గొంగడి ముసలాయన ఏడి? గొర్రెపిల్ల ఏది?"

ముర్తుజా నోరు తెరిచాడు. "అవి సినిమాల ఉండవు సాబ్. బిచ్చయ్య పోస్టర్ల గీసినవి."

"గా ముసలాయన మా మామ ఎంకయ్య," అన్నాడు బిచ్చయ్య వాచిన పెదవితో. "పెద్దేముల్ ఊర్ల గొర్లు కాస్తడు."

ఇబ్రహీం తలుపు వైపు తిరిగాడు. "అంజిలయ్యా, జపాను సినిమాల పెద్దేముల్ ముసలాయన ఏడుస్తుంటే నువ్వు చూసినవా? నువ్వు టికెట్ కొన్నవు. తలుపు కాడ పోస్టర్ చూసినవు. తోవ పట్టి గనికి వెళ్లిపోయినవు. భాగమ్మ నీళ్లకు వచ్చే యాళ నీకు ఎరుకే. ఆమె పెనిమిటి మీద బండ పడ్డ ఆ పేలుడు పెట్టించింది మేస్త్రీవి నువ్వే. సోమవారం ఆమె నోరు లేవకూడదు. ఏడాది సంది తెరవని గది తాళంచెవికి కొత్త నూనె ఎందుకు పూసినవు?"

అంజిలయ్య బయటికి దూకబోయాడు. ఇద్దరు కూలీలు పట్టుకున్నారు. ఎస్సై గుత్తి లాక్కున్నాడు.

"చంపలేదు సారూ!" అని అంజిలయ్య అరిచాడు. "అధికారి వచ్చి పోయినంక ఇడిసిపెడ్దమనుకున్న!"

"నీళ్లు ఇచ్చినవా?" అన్నాడు ఇబ్రహీం.

అంజిలయ్య తల దించుకున్నాడు.

జీపు చాలక జనం ఎండలో పరుగెత్తారు. మందు గదికి కిటికీ లేదు. ఇనుప తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలింది. తాళం తిరిగింది. సత్యమ్మ అందరికంటే ముందు లోపలికి దూరింది. తలుపు కింది సందు దగ్గర, గాలి కోసం నేలకు ముఖం ఆనించి భాగమ్మ పడి ఉంది. గోళ్లు చీలిపోయి రక్తం గడ్డకట్టింది. సత్యమ్మ సీసా నీళ్లతో కొంగు తడిపి పెదవుల మీద పెట్టింది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి ఆ పెదవులు గుడ్డను చప్పరించాయి.

బయట బిచ్చయ్య నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. హన్మమ్మ అతని తలను కడుపుకు అదుముకుంది. అతన్ని కొట్టినవాళ్లు కొందరు దూరంగానే నిలబడిపోయారు.

సోమవారం పదకొండు గంటలకు తనిఖీ అధికారి ఆసుపత్రి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. భాగమ్మ గొంతు పూర్తిగా పోయింది. సత్యమ్మ ఆమె నోటి దగ్గర చెవి పెట్టింది. విన్న ప్రతి మాటనూ వరండాలో నిలబడ్డ కూలీలందరికీ వినబడేలా గట్టిగా పలికింది.

"నా పెనిమిటి పేరు శివప్ప. ఆ దినం పేలుడుకు ముందు జనం తప్పుకునేటందుకు ఈల ఊదలే. రాసుకోండ్రి."