పన్నెండు వయల్స్, నలభై టిక్కీలు

“ఈ ఆపరేషన్‌కి లీడ్ స్తుతి,” అన్నారు చీఫ్ పానకాలు గారు.

ఏజెంట్ మల్లేశ్వరికి ఒళ్లు భగ్గుమంది. పద్దెనిమిదేళ్ల సర్వీసు తనది. మొన్నటిదాకా విదేశీ ముఠా జీతం తిని, నిన్న ఇటు దూకిన డబుల్ ఏజెంట్ కింద పనిచేయాలా? పైగా ఆ మనిషికి మంగళగిరి చీర అంత బాగా నప్పడం మరీ అన్యాయం.

డాక్టర్ కోటేష్ బ్రీఫింగ్ అందుకున్నారు. “కీమోకైన్లంటే ఒంట్లో అలారాలండీ. దెబ్బ తగిలినచోట మోగితే తెల్లకణాలు పరిగెత్తుకొస్తాయి. మంచిదే. కానీ షుగరు ముదిరితే ఎంసీపీ-వన్ అనే అలారం ఆగకుండా మోగుతుంది. వచ్చిన సైన్యం మన గుండెనీ కిడ్నీలనీ పాడుచేస్తుంది. ఆ పిలుపుని ఆపే మందు పన్నెండు వయల్స్, ల్యాబ్ నుంచి ఆ విదేశీ ముఠా కొట్టేసింది. వేడి తగిలితే పనికిరావు.”

“మళ్లీ తయారుచేయాలంటే?”

“రెండేళ్లు.”

ట్రయల్ లిస్టులో మొదటి పేరు కనిగిరి బుల్లయ్య. మల్లేశ్వరి తండ్రి, మిర్చి రైతు. ఆయనకు రెండేళ్ల టైం లేదు.

గుంటూరు శివార్లలో, మిర్చి నిల్వచేసే ఏసీ గోదాము. స్తుతిది బయ్యర్ వేషం. మల్లేశ్వరిది కాయలు ఏరే కూలీ వేషం. చేతి గాజులో పానిక్ బటన్. నొక్కితే రెండు గేట్ల కమాండోలూ వచ్చి వాలతారు.

ముఠా మనిషి త్రినాథ్ వచ్చాడు. స్తుతి అతనితో నవ్వింది. చీటీ ఒకటి చేతిలో పెట్టింది.

‘దొరికావే!’ మల్లేశ్వరి గాజు నొక్కి, స్తుతి వైపు వేలు చూపించింది.

కమాండోలందరూ స్తుతిని చుట్టుముట్టారు. త్రినాథ్ కాపలాలేని వెనక గేటువైపు, లారీ ఎక్కడానికి పరిగెత్తాడు.

స్తుతి అరిచింది. “ఏంటక్కా నువ్వు చేసింది? అది దొంగ గేట్‌పాస్! వెనక గేటు దగ్గర సరుకుతో సహా పట్టిద్దామనుకున్నా. అక్కడున్నవాళ్లని కూడా నువ్వే పిలిచేశావు!”

మల్లేశ్వరి సిగ్గుతో చచ్చిపోయింది. వట్టి అసూయ. అది మోగించిన అలారం నాన్న ప్రాణం మీదికి తెచ్చింది.

స్తుతి ఒక్క బుల్లెట్‌తో లారీ టైరు పేల్చింది. ఆ గురి చూసి కూడా మల్లేశ్వరికి మండింది.

కమాండోలు పట్టుకుంటే త్రినాథ్ రిమోట్ నొక్కి నవ్వాడు. “వయల్స్ డబ్బాలో హీటర్ ఆన్ అయింది. తొంభై సెకన్లు. వెతుక్కోండి.”

లారీలో నలభై మిర్చి టిక్కీలు. నలభై గోనె బస్తాలూ ఒకేలా ఉన్నాయి.

మల్లేశ్వరి లారీ ఎక్కి అరచేతులతో బస్తాలు తడమసాగింది. గోనె కన్నాల్లోంచి మిరప తొడిమలు గుచ్చుకుంటున్నాయి. గుచ్చుకోవాలి కూడా. తొడిమ తీస్తే కాయ పాడవుతుందని బుల్లయ్య ఏనాడూ తియ్యనిచ్చేవాడు కాదు. ముప్పై ఒకటో బస్తా మాత్రం నున్నగా తగిలింది.

“ఇదే! కొట్లో కొన్న తొడిమల్లేని కాయలు పోశారు ఎదవలు!”

కత్తితో చీల్చి డబ్బా బయటికి లాగింది. వైరు తెంచేసరికి మిగిలింది మూడు సెకన్లు.

శనివారం బుల్లయ్యకు మొదటి డోసు పడింది. వార్డు బయట పానకాలు గారు అందరి ముందూ స్తుతి భుజం తట్టారు. “శభాష్! షాట్ అంటే అదీ!”

మల్లేశ్వరి లోపలి అలారం మళ్లీ మోగింది. డాక్టర్ చెవి దగ్గర గొంతు తగ్గించి అడిగింది.

“ఇంకా పదకొండున్నాయి కదండీ. ఒకటి నాకు వెయ్యరాదూ?”