దీపం పట్టిన పిల్ల

ఆ ఇంట్లో గోడలకన్నా తెరలే ఎక్కువ. ముందుగదిలో తీగల మీద వేలాడే పరదాల గుండా పొద్దుటి వెలుగు ఒకచోట లేతపసుపుగా, ఒకచోట నీటిరంగుగా లోపలికొచ్చి, నేల మీద మెల్లగా కదులుతూ ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు తామెక్కడున్నారో ఒక్క క్షణం మరిచిపోతారు. ఇంటాయన మాత్రం ఆ వెలుగులో కూర్చుని టాబ్లెట్‌తో యుద్ధం చేస్తున్నాడు.

ఆయన పరదాలు కుట్టే దర్జీ. ఏ గుడ్డనైనా కిటికీ దగ్గర వెలుగుకు పట్టి చూడనిదే కత్తెర వెయ్యడు. అలాంటి మనిషికి కూతురు ఈ కార్డుల ఆట నేర్పింది. పైసా ఖర్చులేని ఆట. కాకపోతే ఓడిన ప్రతిసారీ టాబ్లెట్‌లో పైన కనిపించే దివ్వెల్లో ఒకటి ఆరిపోతుంది. అన్నీ ఆరిపోతే మళ్ళీ వెలిగేదాకా ఆగాలి, ఆగలేనివాళ్ళు డబ్బు కట్టాలి. ఆయన కట్టడు. ఆగడం తనకు అలవాటైన పనేనంటాడు.

వచ్చిన చిక్కల్లా ఆ ఆటలో మంచులోయ అనే మజిలీతో. ఒక్క కార్డైనా అవతలి గట్టుకు చేరితే లోయ దాటినట్టే, కానీ శత్రువులంతా పొగమంచులో దాక్కుంటారు. ఆయన దగ్గర కావలివాళ్ళున్నారు, విలుకాడున్నాడు. అందరికన్నా చిన్నది దీపం పట్టిన పిల్ల. ఆట మొదలుపెట్టినప్పుడు ఊరికే చేతికొచ్చిన మొదటి కార్డు అది. దాన్ని ఆయన వెనకవరుసలో పెట్టి, చుట్టూ కావలివాళ్ళని నిలబెట్టి ఆడతాడు. మిగిలినవాళ్ళు మంచులోకి వెళ్ళి, ఎవరు కొట్టారో తెలియకుండానే పడిపోతారు.

"మళ్ళీ పోయారా?" అంది భార్య, ఇస్త్రీపెట్టె ఆపకుండా.

"పోలేదు. పొంచి ఉన్నా."

"వానలప్పటి నుంచీ పొంచే ఉన్నారు. ఆ లోయలోనే ఓ ఇల్లు చూసుకోండి. పరదాలు నేను ఇస్త్రీ చేసి పంపిస్తా."

తల దువ్వుకుంటూ వచ్చిన కూతురు తండ్రి భుజం మీంచి తొంగిచూసింది. ఇంట్లో ఆమెను గువ్వ అంటారు. "నాన్నా, దీపం పిల్లని ముందు పంపవేం?"

"ఒంటరిగానా? దాని బలం ఒకటే గువ్వా! ఒక్క దెబ్బకి పోతుంది."

"దాని పని కొట్లాట కాదుగా. అది నడిచినచోటల్లా మంచు విడిపోతుంది. కార్డు మీదే ఉంది చూడు."

"రాసేవాడికేం, రాస్తాడు. పంపేవాడికి తెలుస్తుంది."

గువ్వ నవ్వేసింది. ఆమె వాతావరణశాస్త్రం చదివింది. సముద్రంలో చాలా దూరాన ఉన్న ఓ దీవిలో, రోజూ తెల్లవారగానే బెలూన్ ఎగరేసి పైన గాలి ఎలా ఉందో కొలిచే ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇచ్చి, కబురు కోసం కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూస్తోంది. "మబ్బుల్లోకి చూస్తే జీతం ఇస్తారమ్మా!" అని తల్లితో మురిసిపోయేది. ఆ మాట వచ్చినప్పుడల్లా తండ్రి కత్తెర ఎక్కడో పెట్టి మరిచిపోయినట్టు వెతుక్కునేవాడు. ఇక ఆగలేక ఆ పొద్దున తనే పెరట్లోకి వెళ్ళి ఆ వాతావరణ కేంద్రానికి ఫోన్ చేసింది. తిరిగొచ్చినప్పుడు ఆమె ముఖంలో రంగు లేదు. నేరుగా తన గదిలోకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన పరదాల మధ్య నడుం వాల్చాడు. గాలికి తెరలు లేస్తూ పడుతూ ఉంటే ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. కలలో తన ముందుగది ఎంతకీ తరగడం లేదు. తెర తొలగిస్తే మరో తెర, దాని వెనక ఇంకోటి. ఆ చివర ఎక్కడో ఒక చిన్న దీపం నడిచిపోతోంది. ఆయన గువ్వా అని పిలిచాడు. దీపం ఆగి, ఆయన వస్తాడేమోనని చూసి, మళ్ళీ కదిలింది.

మెలకువ వచ్చేసరికి ఎదురుగా కూతురు, ఆమె ఒళ్ళో టాబ్లెట్. తెర మీద మంచు లేదు. పచ్చటి లోయ, అవతలి గట్టున దీపం పట్టిన పిల్ల.

"దాటించేశావా?" ఆయన దిగ్గున లేచి కూర్చున్నాడు. "ఇన్నాళ్ళు నేను పడిన పాట్లన్నీ బూడిదలో పోశావు కదే! నా ఆటలో నీ చెయ్యెందుకు పెట్టావు? నన్నడగాలని తోచలేదా?"

"ఒక్క ఆట ఆడినందుకే ఇంత కోపం వచ్చిందా నాన్నా?" గువ్వ టాబ్లెట్ కింద పెట్టింది. "మరి నా ఆట నువ్వు ఆడెయ్యలేదా?"

పక్కన భార్య చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది.

"వాళ్ళు పోయిన వారమే ఫోన్ చేశారటమ్మా. నాన్న తీసి, మా అమ్మాయి రాదండీ అని చెప్పాడట."

"ఏవండీ, నిజమేనా?"

ఆయన చేతికందిన పరదా అంచు మడతపెట్టాడు. "ఇది స్నానానికి వెళ్ళింది. ఆవిడెవరో దీవి అంది, తుఫాన్లంది, పడవ ఎప్పుడో గానీ రాదంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నోటికి అదే వచ్చింది."

"వచ్చిన మాట వెనక్కి తీసుకోవడానికి వారం చాలలేదా?" అంది భార్య. ఆమె అంత మెల్లగా మాట్లాడటం ఆయన ఎప్పుడూ వినలేదు. "పిల్ల రోజూ ఫోన్ వంక చూస్తుంటే మీకు అన్నం ఎలా సహించిందండీ?"

"ఆవిడకి నమ్మబుద్ధి కాలేదట. నా నోటితో వినేదాకా ఆ ఖాళీ ఉంచుతానన్నారు. నేనింకా ఏ మాటా ఇవ్వలేదు," అంది గువ్వ కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వు కాదన్నా వెళ్ళగలను నాన్నా. కానీ నువ్వు అటు తిరిగి కూర్చుంటే, నీ వీపు చూసి గడప దాటలేను."

ఆమె పెరట్లోకి వెళ్ళిపోయింది. భార్య వెనకే వెళ్ళింది. ఆయన ఒక్కడే మిగిలాడు.

వెలుగు నేల మీంచి గోడెక్కేదాకా ఆయన కదల్లేదు. తర్వాత టాబ్లెట్ అందుకున్నాడు. దాటిన లోయను కావాలంటే మళ్ళీ ఆడుకోవచ్చు. మంచు కమ్ముకుంది. చేతిలో అవే కార్డులు. అలవాటుగా కావలివాడి మీదకు వెళ్ళిన వేలు మధ్యలో ఆగిపోయింది. వెలుగుకు పట్టి చూడనిదే గజం గుడ్డ కొయ్యని తను, కూతురి మాటను మాత్రం చూడకుండానే కోసేశాడు. ఆయనకు సిగ్గేసింది.

దీపం పిల్లను ముందుకు పంపాడు.

మంచు ఆ పిల్లను మింగేసింది. అంతలో మంచు నడుమ చిన్న వెలుగు కనిపించింది. అది కదిలినంత మేరా దారి తేటపడింది, పొంచి ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే బయటపడ్డారు. విలుకాడికి ఇప్పుడు ఎవరిని కొట్టాలో తెలిసింది. ఇన్నాళ్ళూ ఆ పిల్లను కాపాడుతున్నాననుకుంటూ అందరినీ చీకట్లో నిలబెట్టాడు. దీపం అవతలి గట్టు చేరేసరికి ఆయన కళ్ళు మసకబారి తెర కనబడలేదు.

పెరట్లో తల్లీకూతుళ్ళు ఆరిన పరదాలు మడత పెడుతున్నారు. ఆయన ఫోన్ చెవిన పెట్టుకుని వచ్చాడు. "అమ్మా, పొద్దున మీకు ఫోన్ చేసిన అమ్మాయి నాన్నని. ఆ రోజు మా అమ్మాయి రాదని చెప్పింది నేనే. అది నేను చెప్పాల్సిన మాట కాదు. దానికిస్తున్నా, మాట్లాడండి."

గువ్వ ఫోన్ అందుకుంది. అటు గొంతు ఏదో అడిగింది. "వస్తానండీ," అంటున్నప్పుడు ఆమె తండ్రి ముఖం వంకే చూస్తోంది. ఆయన అటు తిరగలేదు. ఆమెకెదురుగానే నిలబడి ఉన్నాడు.

"ఇంకో సంగతి కనుక్కో," అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"నీ గదికి కిటికీ ఉందా? ఎంత పొడుగో, ఎంత వెడల్పో అడుగు."

"పడవ కూడా ఎక్కలేదు, అప్పుడే పరదానా?" అంది భార్య, కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

"పల్చటి గుడ్డే వేస్తానులే," అన్నాడాయన. "లోపల దీపం పెడితే బయటికి కనబడాలిగా."