కోసిన పచ్చ సీట్లు

మదనపల్లెలో బెంగుళూరు రోడ్డు మీద ఒక ఎరువుల దుకాణం ఉంది. దానిపైన రెండు గదుల్లో ప్రైవేట్ డిటెక్టివ్ భానుప్రకాశ్ ఆఫీసు. ఆ ఉదయం మెట్లెక్కి వచ్చిన స్త్రీకి ముప్పై దాటి ఉంటాయి. బాగా పొడగరి. కుర్చీ చూపించినా కూర్చోలేదు. సంచిలోంచి చిలకపచ్చ రెక్సిన్ ముక్క ఒకటి తీసి బల్ల మీద విసిరింది.

"దీన్ని కోసినోడు ఎవడో నాకు కావాల సార్. పోలీసులకు సెప్తే ఆకతాయి పిల్లోల్ల పని అనేసినారు. పిల్లోల్లు తాళం తీసి లోపలికొచ్చి, పనంతా అయినాక మళ్లీ తాళమేసి పోతారా?"

భానుప్రకాశ్ ఆ ముక్కను వెలుతురులోకి తిప్పి చూశాడు. గాటు తిన్నగా, ఒక్క వణుకు లేకుండా ఉంది.

"ముందు కూర్చోమ్మా. మొదట్నించి సెప్పు."

అతని అసిస్టెంటు సబా మంచినీళ్లు తెచ్చిచ్చింది. సబా లా చదివింది. కోర్టుల్లో వాయిదాలు చూసి విసిగిపోయి భానుప్రకాశ్ దగ్గర చేరింది. ఆయన ఏ మాట దగ్గర తల ఎత్తుతాడో గమనించడం ఆమెకు అలవాటు.

ఆ స్త్రీ పేరు దీప. పుంగనూరులో ఉపాధ్యాయిని. ఇంటి వెనక షెడ్డులో తన తండ్రి అంబాసిడర్ కారు లోపలి భాగాన్ని కొత్తగా చేసుకుంటోంది. సెలవు రోజుల్లో తనే కూర్చుని పాత సీట్ల కొబ్బరిపీచు పీకి, తలుపుల అట్టలు మార్చి, పైకప్పు గుడ్డ అతికించింది. కుట్టుపని మాత్రం ఖాదర్ వలి అనే సీట్ల పనివాడు వచ్చి చేసి వెళ్లేవాడు.

"ఆ పచ్చ రంగు మా అమ్మ ఎంచుకున్నెది. ఆమెకు ఆ కారంటే ప్రాణం. ఆ కార్లోనే పోయింది."

దీప చెప్పినదాని ప్రకారం, తనకు ఆరేళ్లప్పుడు తల్లి రూప, తండ్రి నారాయణప్ప, మేనమామ అంజినప్ప ముగ్గురూ కుప్పం నుంచి పుంగనూరుకు రాత్రిపూట తిరిగి వస్తున్నారు. బైరెడ్డిపల్లె దాటాక కారు చెట్టును గుద్దింది. రూప అక్కడికక్కడే చనిపోయింది. నారాయణప్ప తలకు దెబ్బ తగిలి చాలా రోజులు స్పృహ లేకుండా ఉన్నాడు. వెనక సీట్లో ఉన్న అంజినప్ప చిన్న గాయాలతో బయటపడ్డాడు. నారాయణప్ప తాగి నడిపాడని తేలింది. కోర్టు శిక్ష వేసింది. దీపను అంజినప్ప కుప్పం తీసుకుపోయి పెంచాడు.

"మీ నాయన తాగి నడిపినట్టు ఎవరు సెప్పినారు?" భానుప్రకాశ్ అడిగాడు.

"మా మామ. నాయనకు ఆ రాత్రి సంగతే గ్యాపకం లేదు. ఆయన కూడా నేనే సంపినానని నమ్మేసినాడు." దీప నీళ్లగ్లాసు పక్కకు జరిపింది. "జైలు నుంచి వచ్చినాక నన్ను సూడాలని కుప్పం వచ్చినాడు. నేను తలుపు తీయలేదు. పెద్దయినాక కూడా తీయలేదు. పోయిన సంవత్సరం సచ్చిపోయినాడు. ఇల్లూ, టార్పాలిన్ కప్పిన ఈ కారూ మిగిలినాయి. అమ్మ కారును అమ్మ కాలంలో మాదిరి చేసి పెట్టుకోవాలనుకున్న్యాను. ఇంతలో ఎవడో వచ్చి కోసి పారేసినాడు."

"కోసిన రోజు మీరు యాడ ఉన్నారు?"

"కుప్పంలో. అమ్మ తిథి. రాత్రి మామ ఇంట్లోనే పడుకున్న్యాను. తెల్లారి వచ్చి తాళం తీస్తే ఇదీ వరస."

"తాళం చెవులు?"

"రెండు. ఒకటి నా సంచిలో ఉంటాది. ఇంకోటి ఖాదర్ భాయ్ దగ్గర."

మధ్యాహ్నానికి ముగ్గురూ పుంగనూరు చేరారు. ఇంటి ముందు గదిలో దీప తల్లిదండ్రుల పెళ్లి ఫొటో వేలాడుతోంది. పెళ్లికూతురు తల పెళ్లికొడుకు భుజం దాకా కూడా రాలేదు. ఫొటోగ్రాఫరు ఆమెను పీట మీద నిలబెట్టినా అంతే. భానుప్రకాశ్ ఆ ఫొటో ముందు కాసేపు ఆగి, తర్వాత షెడ్డులోకి నడిచాడు.

సబా కారు తలుపు తెరిచింది. ముందు సీటు, వెనక సీటు, తలుపుల అట్టలు, పైకప్పు గుడ్డ అన్నీ బ్లేడుతో కోసి ఉన్నాయి. కొత్త దూది బయటికి వేలాడుతోంది. నెలల తరబడి చేసిన పని అది.

భానుప్రకాశ్ గాట్లను ఒక్కొక్కటే చూశాడు. అన్నీ ఇంచుమించు ఒకే పొడవు. తర్వాత ముందు సీటు అంచు మీద చెయ్యి పెట్టి నొక్కాడు. అడ్డంగా తలుపు నుంచి తలుపు దాకా ఉండే ఆ పొడవాటి సీటు పడవలా ఊగింది. వంగి, టార్చి వేసి కిందికి చూశాడు. లేచి, దీప షెడ్డు తలుపు దగ్గర ఉందని గమనించి, సబాతో మెల్లగా అన్నాడు.

"సీటు ముందుకీ వెనక్కీ జరగడానికి కింద రెండు ఇనుప పట్టాలు ఉంటాయి. అవి లేవు. బోల్టులు విప్పి తీసుకుపోయినారు. సీటు ఉత్త కారు అడుగురేకు మీద పెట్టి ఉండాది. ఈ సంగతి ఎవరికీ సెప్పొద్దు. ఆ అమ్మికి కూడా."

"ఎందుకు సార్?"

"మనం ఎవరికీ సెప్పని సంగతి ఎవరి నోట్లోంచి వస్తాదో సూడాల."

దీప తన ఫోనులో పని మొదలుపెట్టే ముందు తీసిన ఫొటోలు చూపించింది. వాటిలో ఒకటి భానుప్రకాశ్ అడిగి తన ఫోనుకు పంపించుకున్నాడు.

"ఈ ఫొటోలు ఎవరెవరు సూసినారమ్మా?"

"తిథి రోజు కుప్పంలో మామకు సూపించినాను. సీటు తుప్పు పట్టి కదల్లేదు, వచ్చే వారం వెల్డింగు మనిషిని పిలిపించి కోయిస్తానని కూడా సెప్పినాను. మదనపల్లె లోహిత్‌కు అంతకుముందే పంపించినాను. పాత కార్లు కొని పెళ్లిళ్లకు బాడుగకు తిప్పుతాడు. అమ్మేదిలేదంటే ఇంటి ముందర నిలబడి అరిసిపోయినాడు."

ఖాదర్ వలి దుకాణం దగ్గర్లోనే ఉంది. మిషను ముందు కూర్చుని ఉన్న ఆ ముసలివాడు వీళ్లను చూడగానే లేచాడు.

"నా చెవి నా మొలతాడుకే ఉండాది సార్. అనుమానముంటే నన్నే పట్టుకుపోండి. నేను కుట్టినదాన్ని నేను కోసుకుంటానా?" అతను చేతిలోని కత్తెరను మిషను మీద కొట్టాడు. "ఆ కోసినోడు దొరికితే నాకు ఒక నిమిషం ఇయ్యండి."

"ముందు సీటు కదల్లేదంట కదా భాయ్?"

"తుప్పు పట్టి ముందు వైపుకే బిగుసుకుపోయింది. కిరసనాయిలు పోసినా, సుత్తితో కొట్టినా రాలేదు. ఆపే కొక్కెం గాడిలోనే పడి ఉండాది. అట్లే వదిలేసి పైన కుట్టేసినాము."

లోహిత్ ఫోనులోనే మండిపడ్డాడు. "అరిసినాను, నిజమే. ఆ కారు ఒక్క స్క్రూ మార్చకుండా ఉందనే కదా నేను అడిగింది. కోసి పారేసినాక నాకేం పనికొస్తాది సార్?"

మరునాడు భానుప్రకాశ్, సబా కుప్పం వెళ్లారు. అంజినప్పకు గ్రానైటు వ్యాపారం, పెద్ద ఇల్లు. వీళ్లు గేటు దగ్గరకు వచ్చేసరికి ఆయన కారు దారికి అడ్డంగా నిలిపి ఉంది. అరుగు మీద కూర్చుని ఫోనులో మాట్లాడుతున్న అంజినప్ప తాళం చెవి విసిరాడు.

"కొంచెం పక్కన పెట్టుకోండప్పా."

భానుప్రకాశ్ ఎక్కబోయాడు. మోకాళ్లు స్టీరింగుకు కొట్టుకున్నాయి. సీటు అంత ముందుకు ఉంది. వెనక్కి జరిపి, కారు పక్కకు తీసి, మళ్లీ సీటును ఉన్నచోటికే జరిపి దిగాడు. అంజినప్ప లేచి ఎదురొచ్చినప్పుడు సబాకు అర్థమైంది. ఆయన ఆమె కంటే కూడా పొట్టి.

"పాప మీ దగ్గరికి వచ్చిందని తెలిసింది," అన్నాడు అంజినప్ప కాఫీ తెప్పిస్తూ. "వాళ్ల నాయన పాపపు కారది. తాకొద్దని ఎన్నోసార్లు సెప్పినా. ఇంటే కదా."

"సీట్లన్నీ కోసేసినారు సార్. మీకు ఎవరి మీదైనా అనుమానముందా?"

"ఎవురో పాతినుము ఏరుకునేటోడు అయుంటాడు. కసికొద్దీ గుడ్డలు కోసి, ఆ సీటు పట్టాలు ఊడబెరుక్కుని పోయినాడు. దానికి డిటెక్టివ్‌లు యాల?"

భానుప్రకాశ్ కాఫీ కప్పు నెమ్మదిగా కింద పెట్టాడు. "నిజమే సార్. పెద్ద పనేమీ కాదు. ఎల్లుండి పుంగనూరు వస్తే ముగించేస్తాను."

కారెక్కాక సబా అంది. "సార్, ఆయన పట్టాలు అన్నాడు."

"అన్నాడు. ఇప్పుడు పలమనేరులో పెట్రోలు బంకుల కెమెరాలు సూడమని పుంగనూరు ఎస్సైకి ఫోన్ చెయ్యి. తిథి రాత్రి. తెల్ల కారు, ఇదే నంబరు."

అనుకున్న రోజున అందరూ షెడ్డులో చేరారు. దీప, ఖాదర్ వలి, లోహిత్, అంజినప్ప, తలుపు దగ్గర ఎస్సై నరేంద్ర. దీప చేతులు కట్టుకుని కారుకు ఆనుకుని నిలబడింది.

"సీట్లు కోసినది కోపంతో కాదు," అని భానుప్రకాశ్ మొదలుపెట్టాడు. "కోపంతో కోసినోడు అడ్డదిడ్డంగా కోస్తాడు. ఇవి కొలిచి కోసినట్టుండాయి. కోతలన్నీ మన కళ్లకు గంతలు కట్టేదానికి. అసలు పని సీటు కింద జరిగింది. ముందు సీటు పట్టాలు విప్పి తీసుకుపోయినారు."

దీప వంగి సీటు నొక్కి చూసింది. ఊగింది.

"లోహిత్‌కు కారు అన్ని భాగాలతో కావాల. పట్టాలు మాయమైతే ఆయనకే నష్టం. ఖాదర్ భాయ్‌కు పట్టాలే కావాలంటే సీట్లు కుట్టే రోజుల్లోనే తీసుకోవచ్చు. కోయాల్సిన పని లేదు. ఇంక తాళం చెవి ఎవరికి దొరుకుతాది? దీపమ్మ సంచిలో చెవి ఉండాది. ఆ సంచి ఆ రాత్రి కుప్పంలో ఉండాది."

"అంటే నేనా?" అంజినప్ప గొంతు పెంచాడు. "నా చేతుల మీద పెరిగిన బిడ్డ అది."

"పట్టాలు పోయినట్టు నేను మీకు సెప్పలేదు సార్. దీపమ్మకు కూడా ఇప్పటిదాకా తెలీదు. సీట్లు కోసినారని అన్నాను, అంతే. పట్టాలు ఊడబెరికిన సంగతి మీకు ఎవరు సెప్పినారు?"

అంజినప్ప తలుపు వైపు చూశాడు.

ఎస్సై అందుకున్నాడు. "తిథి రాత్రి మీ కారు పలమనేరు బంకులో డీజిల్ పట్టించుకుంది. మీరు దిగి నిలబడినది కూడా కనిపిస్తాంది."

"రెండు ఇనుప ముక్కల కోసం ఎవురైనా ఇంత దూరం వస్తారా?" లోహిత్ ఆశ్చర్యంగా అడిగాడు.

భానుప్రకాశ్ ఫోను తీసి, దీప పాత ఫొటోను ఆమెకే చూపించాడు. "ఈ సీటు యాడ ఉండాదో సూడమ్మా. స్టీరింగుకు అతుక్కున్నట్టుండాది. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఈ కారును ఎవరూ నడపలేదు. గుద్దిన దెబ్బకు సీటు ముందుకు వచ్చింటే కొక్కెం విరిగిపోవాల, లేదా గాడి చీలిపోవాల. ఖాదర్ భాయ్ సూసినాడు. కొక్కెం గాడిలో పడి, అట్లే తుప్పు పట్టింది. అంటే ఎవరో కావాలని ముందుకు జరుపుకుని బిగించుకున్నారు. అది వెల్డింగు మనిషి కంట పడకూడదనే పట్టాలు తీసుకుపోయినారు. మీ నాయన ఎత్తు ఎంత?"

దీప ఫోను చేతిలోకి తీసుకుంది. ఫొటోనే చూస్తోంది.

"అంత పొడుగు మనిషి ఆ సీట్లో, స్టీరింగు ముందర, మోకాళ్లు యాడ పెట్టుకుంటాడు? మీ అమ్మకు డ్రైవింగు వచ్చా?"

"రాదు."

"మరి కార్లో ఉన్న మూడో మనిషి ఎవరు?"

దీప తల తిప్పి మేనమామ వైపు చూసింది. ఆ చూపుకు అంజినప్ప ఒక అడుగు వెనక్కి వేశాడు.

"సెప్పు మామా."

"పాపా, నా మాట ఇను."

"సెప్పు."

అంజినప్ప గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. "బావకు నిద్ర లేదు, అలిసిపోయి ఉన్న్యాడు. నువ్వు నడపరా అన్న్యాడు. నేను కొంచెం తాగింటి, ఆయనకు తెలీదు. ఆయన పక్కన కాళ్లు ముడుచుకుని కూర్చుని నిద్రపోయినాడు. అక్క వెనక ఉన్న్యాది." ఆయన ముఖం చేతుల్లో దాచుకున్నాడు. "జనాలు వచ్చేలోపల బావను స్టీరింగు పక్కకు ఈడ్చినాను. ఆయన నోట్లో సారాయి పోసినాను. బతకడనే అనుకున్న్యా. బతికినాడు. ఏం జరిగిందిరా అని నన్నే అడిగినాడు. అప్పుడు ఇంక వెనక్కి పోయేదానికి లేకపాయె."

ఖాదర్ వలి గొణుగుతూ ముఖం తిప్పుకున్నాడు.

"ఆయన ఏడ్చినాడు కదా నీ ముందర," అంది దీప. గొంతు పెద్దది చేయలేదు. "రూపను నేనే సంపుకున్న్యా అని నీ కాళ్లు పట్టుకుని ఏడ్చినాడంట. నువ్వే సెప్పేవాడివి నాకు. ఏడుస్తా ఉంటే ఏం సేసినావు మామా? ఓదార్చినావా?"

"నిన్ను నా బిడ్డ కంటే ఎక్కువగా సాకినాను పాపా. అదన్నా గుర్తు పెట్టుకో."

"నువ్వు నన్ను సాకలేదు. మా నాయన మీద ఒక సాక్షిని సాకినావు."

ఎస్సై ఆయన్ను చెయ్యి పట్టి లేపాడు. పట్టాలు గ్రానైటు యార్డులో రాళ్లపొడి కింద పడేశానని అంజినప్ప జీపెక్కేముందు ఒప్పుకున్నాడు.

స్టేషనుకు పోతూ దారిలో సబా అడిగింది. "పాత కేసు నిలబడుతుందా సార్?"

"తాళం తీసి దూరిన కేసు నిలబడతాది. పాతది కోర్టు ఎట్లా సూస్తాదో సెప్పలేము. సచ్చిపోయిన మనిషి అనుభవించిన శిక్షను ఎవరూ వెనక్కి తీసుకోలేరు."

"అది చాలదు సార్."

"చాలదు," అన్నాడు భానుప్రకాశ్. ఆయన గొంతులో అంత కరకుదనం సబా ఎప్పుడూ వినలేదు.

స్టేషనులో రైటరు ఫిర్యాదు రాసుకుంటున్నాడు. తల ఎత్తకుండానే, "మీ పేరు? తండ్రి పేరు?" అని అడిగాడు.

"దీప. తండ్రి నారాయణప్ప." ఆమె బల్ల మీద రెండు చేతులూ ఆనించి ముందుకు వంగింది. "మా అమ్మను సంపింది ఆయన కాదు. అది కూడా రాయండి."

రైటరు పెన్ను ఆపి ఎస్సై వైపు చూశాడు. ఎస్సై తల ఊపాడు.

"రాస్తాండావా?" అంది దీప. "నేను సూస్తాండాను. రాయి."