దూలం కింద దారం

జోఖా ఇంట్లో చక్రాల కుర్చీ తిరగదు. గొడవంతా అక్కడే మొదలైంది.

సముద్రపొడ్డున లాము పట్నంలోని పాత రాతి ఇళ్ళన్నిటిలాగే ఆ ఇంటి గదులూ పొడుగ్గా, ఇరుగ్గా ఉంటాయి. పైకప్పుకి వాసాలుగా వేసే మడకర్ర ఎంత పొడవు దొరికితే గది అంతే వెడల్పు. మంచం వేశాక మనిషి పక్కకి తిరిగి నడవాలి. అదీ నడవగలిగిన మనిషి సంగతి. ఆమె భర్త ఫుమో నడవలేడు. పడవ సరంగు. తెరచాప కడుతూ జారిపడ్డాడు. నడుం కింద ఒళ్ళు ఉందో లేదో అతనికి తెలియదు. అప్పట్నుంచీ వెనకగది దాటి వాకిట్లోకి, ఎండలోకి రాలేదు. రావాలంటే ఇద్దరు మోయాలి. మోయించుకోవడం కన్నా గోడకేసి తిరిగి పడుకోవడమే నయమని అతను తేల్చుకున్నాడు.

గదికీ వాకిలికీ మధ్యనున్న ఆ గోడనే తీసేయాలని జోఖా తేల్చుకుంది.

గోడ పడగొట్టడం ఎంతసేపు! కానీ దాని నెత్తిన మేడగది ఉంది. గోడ పోతే ఆ బరువు మోసేదెవరు? బకారి మేస్త్రి వచ్చి గోడని వేలికణుపుతో తట్టి, చెవి ఆనించి, "దూలం వెయ్యాలమ్మా" అన్నాడు.

"ఏ దూలం?"

"అది చూడాలి."

చూడ్డానికి అతనికి రంజాను నెల మొత్తం పట్టింది. మడకర్ర పొట్టి, చాలదన్నాడు. సిమెంటు దూలం పోస్తే దాని బరువుకే సున్నపు గోడలు కూర్చుంటాయన్నాడు. ఇనుము ఉప్పుగాలికి పొట్టు రాలుతుందన్నాడు. పండగ వెళ్ళాక వచ్చి, పోనీ ఇనుమే వేద్దాం, ఎర్రరంగు పూస్తే సరిపోతుందన్నాడు. మొంబాసా నుంచి పడవ మీద ఇనుప దూలం వచ్చింది. ఆరుగురు భుజాన వేసుకుని మసీదు సందు దాకా తెచ్చారు. అక్కడ ఆగింది. ఆ ఊళ్ళో మోతంతా గాడిదల మీదే. సందులు గాడిద తిరిగేంత మలుపుతో కట్టినవి. మేస్త్రి గోడ కొలిచాడు, గది కొలిచాడు. పుట్టి పెరిగిన ఊళ్ళో సందు మలుపు కొలవాలని మాత్రం అతనికి తోచలేదు.

"కాస్త వంచలేవా మేస్త్రీ?" అంది జోఖా పళ్ళ బిగువున.

"వంగితే దాన్ని దూలమనరమ్మా."

"అయితే మసీదు గోడ వంచు."

వారం గడిచింది. దూలం సందులోనే పడి ఉంది. పిల్లలు దానిమీద కూర్చుని చెరుకు నమిలారు. నమాజుకి వచ్చే ముసలాళ్ళు దాన్ని దాటినప్పుడల్లా జోఖా పేరు పెట్టి దేవుణ్ణి తలుచుకున్నారు. మధ్యకి కోసి, లోపల బోల్టులు బిగిద్దామన్నాడు మేస్త్రి. మళ్ళీ తనే, "నడుం తెగిన సరుకమ్మా, నమ్మలేం" అని, మంచం మీది ఫుమోని చూసి నాలిక్కరుచుకున్నాడు.

ఫుమో పకపకా నవ్వాడు. ఎన్నాళ్ళకో. "నాకూ నాలుగు బోల్టులు బిగించు మేస్త్రీ! సరే గానీ, ఒడ్డున నా తెరచాప కొయ్య పడి ఉందిగా. ఈదురుగాలిలో ఎంత మోసిందో నాకు తెలుసు. వంగుతుంది గానీ విరగదు."

"అది మాత్రం సందు ఎలా తిరుగుతుంది సరంగు గారూ?" అంది జోఖా.

"సందులోంచి ఎవడు తెమ్మన్నాడు? కప్పుల మీంచి తెండి. ఆకాశానికి మలుపుల్లేవు."

అతని పడవవాళ్ళు తాళ్ళూ కప్పీలూ కట్టి, డాబా నుంచి డాబాకి కేకలేసుకుంటూ కొయ్యని తెచ్చి వాకిట్లోకి దించారు. ఫుమో మంచం మీంచే తిట్లూ ఆజ్ఞలూ కలిపి అరిచాడు. అతని మేనత్త జుహురా ఒక్కతే మూతి ముడిచింది.

"ఒరే, ఆ గదిలోనే నిన్ను కన్నారు. మీ తాత పోతే అక్కడే ఆఖరి స్నానం చేయించారు. ఆ ముందు వాళ్ళకీ అక్కడే. రేపు నాకు ఎక్కడ చేయిస్తారు, వీధికి కనపడేలాగానా?"

"పరదా కట్టిస్తాంలే అత్తా."

"కట్టించు. పరదా ఎవరిని ఆపుతుందో చూస్తాను" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

కప్పుకి గుంజలు ఊతం పెట్టి, గోడ దించి, కొయ్య ఎక్కించి, సున్నంతో సందులు పూడ్చారు. సున్నం ఆరాక గుంజలు తీశారు. ఆ సాయంత్రం మేస్త్రి దూలం కింద ఈ కొస నుంచి ఆ కొసకి దారం బిగించి కట్టాడు. నడిమధ్యన కొయ్యకీ దారానికీ నడుమ రెండు వేళ్ళ సందు. మేడ మీద బరువు పడితే కొయ్య వంగి సందు తగ్గుతుంది. బరువు దిగితే సందు మళ్ళీ రావాలి. అదీ పరీక్ష.

పడవవాళ్ళంతా మేడ ఎక్కి నిలబడ్డారు. "లావువాడు మధ్యకి రావాలి!" అని కింద నుంచి ఫుమో అరిచాడు. సందు ఒక వేలికి తగ్గింది. మేస్త్రి తృప్తిగా తలాడించాడు. అందరూ దిగారు. మెట్లు ఉన్నది వాకిట్లోనే, జోఖా పక్కనే. ఆమె కాఫీ పోసింది, హల్వా పెట్టింది. తాగి, తిని, మేలు కోరి దువా చెప్పి వెళ్ళిపోయారు.

జోఖా లోపలికి వచ్చేసరికి మేస్త్రి ఇంకా దారం దగ్గరే ఉన్నాడు.

"ఇంకా ఒక వేలే ఉందేం?" అంది.

"పాత కొయ్య కదమ్మా. చాప మీంచి లేచే ముసలాడిలాగ... టైం పడుతుంది."

బయట ఎండ ఉంది. గోడ పోయినా లోపల ఎప్పటిలాగే మసక. కుర్చీలో ఫుమో దూలం కేసే చూస్తున్నాడు.

పైన ఒక మడకర్ర కిర్రుమంది.

తరవాత దాని పక్కది.

దాని పక్కది.

"ఎవరైనా ఉండిపోయారా?" మేస్త్రి గొంతు తగ్గించాడు.

"అందరికీ నా చేత్తోనే కాఫీ ఇచ్చాను."

అతను విసుక్కుంటూ మెట్లెక్కాడు. అడుగుల చప్పుడు తలుపు దగ్గర ఆగింది. "ఎవరూ లేరమ్మా! ఖాళీ!" అని అక్కణ్ణుంచే అరిచాడు.

ఆ గొంతు గదికి ఈ కొసన వినిపించింది. సున్నపు పొడి ఆ కొసన రాలింది. సన్నగా... ఒక చోట ఆగి... మళ్ళీ ఒక అడుగు ఇవతల. దాంతోపాటు కర్పూరం వాసన. ఆ ఇంట్లో కర్పూరం తీసేది ఆఖరి స్నానానికే.

"జోఖా..." ఫుమో గుసగుసలాడాడు. "దారం చూడు."

కొయ్య దారాన్ని తాకింది. దారం కిందికి వంగింది. పడవవాళ్ళంతా నిలబడ్డా కొయ్య అంత వంగలేదు.

"మేస్త్రీ! దిగు! గుంజలు... గుంజలు పెట్టు!" అని జోఖా అరిచింది.

మేస్త్రి దొర్లినట్టే దిగి వచ్చాడు. అప్పటికి పొడి రాలడం ఆగిపోయింది. ఆఖరుసారి రాలింది ఫుమో జుట్టు మీద. తెల్లగా. సరిగ్గా అతని నెత్తిన... ఏదో ఆగింది.

గుంజ ఎత్తబోతుండగా దూలం ఒక్కసారి మూలిగింది. లేచింది. దారం టంగుమని బిగుసుకుంది.

రెండు వేళ్ళ సందు. నిండుగా.

మేస్త్రి చెమట తుడుచుకున్నాడు. నవ్వబోయాడు. "చూశారా... చెప్పానా... టైం పడుతుందని..."

జోఖాకి ఆ మాటలు ఎక్కలేదు. ముందు ఫుమోని బయటికి తీసుకుపోవాలి. కుర్చీ పిడి పట్టుకుని తోసింది.

కదల్లేదు.

మళ్ళీ తోసింది. ఫుమో బక్కచిక్కిపోయిన మనిషి. రోజూ ఎత్తి దించే ఆమెకి అతని బరువు చేతుల్లోనే ఉంది. ఇది ఆ బరువు కాదు. కిందికి చూస్తే టైర్లు నేలకి అణిగిపోయి ఉన్నాయి.

"నా కాళ్ళు నొప్పెడుతున్నాయి జోఖా" అన్నాడు ఫుమో.

ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాట కోసం ఎన్ని ఆసుపత్రులు తిరిగింది! ఎన్ని మొక్కులు మొక్కింది!

"మేస్త్రీ... ఓ చెయ్యి వెయ్యి" అంది మెల్లగా.

ఇద్దరూ కలిసి తోశారు. కుర్చీ మూలుగుతూ కదిలింది. గోడ ఉండిన చోటు దాటింది. ఎక్కడా తగల్లేదు, సాఫీగా తిరిగింది. వాకిట్లో ఇంకా కాస్త ఎండ మిగిలి ఉంది. ఫుమో కళ్ళు మూసుకుని ముఖం దానికి అప్పగించాడు.

అప్పుడు అతని కుడిచెయ్యి లేచింది. ఒళ్ళో కూర్చున్న బిడ్డని జోకొట్టినట్టు నెమ్మదిగా తట్టసాగింది. కానీ ఆ చెయ్యి ఒళ్ళో లేదు. అతని తల కన్నా జానెడు ఎత్తున, గాలిలో ఉంది.

తట్టినప్పుడల్లా, అప్పుడే స్నానం చేయించిన తడి వీపు మీద పడ్డట్టు చప్పుడవుతోంది.