టేపు అవతలి కొస

నానక్‌రామ్‌గూడలో అద్దాల మేడల వెనక, కుంట కట్టను ఆనుకుని సగం కట్టిన ఇల్లొకటి ఉండేది. చీకటి పడితే అటు ఎవరూ పోయేవారు కాదు. ఆటోవాళ్లు మలుపులోనే దించేసి, వెనక్కి చూడకుండా తిరిగి పోయేవారు. లోపల ఎవరో గోడలకు నీళ్లు కొడుతున్న చప్పుడు వస్తుందని చెప్పుకునేవారు. చెంబు తర్వాత చెంబు... ఆగి ఆగి...

ఆ నీళ్లు కొట్టేది కిష్టమ్మేనని అందరికీ తెలుసు. కొత్త గోడలు తడుపుతుండగానే పాము కరిచి చచ్చిపోయింది పాపం. ఆమె మొగుడు యాదయ్య అద్దాల మేడలో వాచ్‌మన్. ఆమె బతికుండగా ఆరిన చీర మడతపెట్టాలన్నా ఇద్దరూ చెరో కొస పట్టుకోవాల్సిందే. ముడతలు పోవాలని కిష్టమ్మ రెండుసార్లు గుంజేది. రెండో గుంజుకు యాదయ్య తూలితే పకపకా నవ్వేది. అంతటి మొగుడు ఆమె పోయాక ఆ ఇంటి గడప తొక్కలేదు. భయం. భయపడుతున్నందుకు సిగ్గు.

ఇల్లు సగమయ్యాక పర్మిషన్ అడిగితే మున్సిపల్ ఆఫీసువాళ్లు కాదన్నారు. కుంటకు మరీ దగ్గరగా ఉందట, కూలగొట్టాలట. కొలిచినవాళ్లు నిండు వానాకాలంలో వచ్చారు మరి. నీళ్లు గడప దాకా ఉన్నాయి, ఆ నీళ్ల అంచు నుంచే టేపు పట్టారు. కుంట అసలు హద్దురాయి తుంగలో ఎక్కడో మరుగున పడి ఉంది. అదెక్కడుందో ఎరిగింది కిష్టమ్మ ఒక్కతే. మేకను దానికే కట్టేసేది.

యాదయ్య అప్పీలు వేశాడు. మళ్లీ కొలవమని పైనుంచి ఆర్డరు కూడా వచ్చింది. అంతలో సకల జనుల సమ్మె మొదలైంది. తనూ డ్యూటీ దిగి జై తెలంగాణ అని అరిచి వచ్చినవాడే, సమ్మెను ఏమని తిడతాడు? ఆఫీసుకు తాళం పడింది, సర్వేయర్లు సమ్మె టెంటు కింద కూర్చున్నారు. అప్పీలు వినే పెద్దసారు మాత్రం సమ్మెలో లేడు. తెల్లారితే విచారణ. కొత్త కొలత లేకపోతే ఇల్లు నేలమట్టమే.

ఆ రాత్రి కరెంటు లేదు. బొగ్గు గనుల్లోనూ సమ్మే. యాదయ్య డ్యూటీ దిగాడు. రేపటికి ఉంటుందో ఉండదో, ఒక్కసారి కళ్లారా చూసుకుందామనుకున్నాడు. వణుకుతూనే కట్ట ఎక్కాడు.

ఇంట్లో వెలుతురు...

ఓ మూల నుంచి ఇంకో మూలకు మెల్లగా కదులుతోంది. వెంటే ఏదో నేల మీద ఈడ్చుకుపోతున్న చప్పుడు — సర్ర్... సర్ర్...

"కిష్టా..." అన్నాడు యాదయ్య.

వెలుతురు గిర్రున తిరిగి అతని మొహం మీద పడింది.

"ఎవరది... మెల్లగ మాట్లాడు, యాదయ్యా."

సర్వేయర్ శ్రీనివాసులు. అప్పీలు కోసం తిరిగిన రోజుల్లో కూర్చోమని కుర్చీ చూపించిన ఒకే ఒక్క మనిషి.

"సార్... మీరు సమ్మెల ఉన్నరు గద?"

"ఉన్న. పగటిపూట టేపు పడితె మావోళ్లు నన్ను బతకనిస్తరా? టెంటు కింద కూసుంటె నీ మొఖమే యాదికొస్తున్నది. ఎవ్వరికి చెప్పకు."

యాదయ్యకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఒక టార్చిలైటుకా తను ఇంతలా వణికిపోయింది? నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

"హద్దురాయి దొరికింది. అక్కడికెల్లి కొలిస్తె జాగ ఎక్కువనే ఉన్నది. ఇల్లు నిలబడ్తది, ఇగ ఫికర్ చెయ్యకు. పొద్దుగాలనే పెద్దసారుకు నేనే చాటుంగ చెప్త," అన్నాడు శ్రీనివాసులు. "నువ్వు పంపిన మనిషి మస్తు హుషారు."

"నేనెవ్వర్ని పంపిన సార్?"

"గదే... టేపు కొస పట్టినామె. ఒక్కన్నే ఎట్ల కొలవాల్నా అని నిలబడితె తుంగలకెల్లి వచ్చి కొస అందుకున్నది. మాట లేదు, పలుకు లేదు. సక్కగ పోయి రాయి మీదనే పట్టింది."

శ్రీనివాసులు టార్చి తుంగ వైపు తిప్పాడు. తుంగ రెండు పాయలుగా విడిపోయి ఉంది. మధ్యలో హద్దురాయి, ఎవరో ఇప్పుడే కడిగినట్టు తడితడిగా. దాని మీద టేపు కొస. మనిషి లేదు.

"ఏమన్న... అన్నదా సార్?"

"ఏమనలే. కొలుసుడు అయినంక రెండుసార్లు గుంజింది. రెండోసారికి నేను తూలి పడబోయిన." శ్రీనివాసులు గొంతు తగ్గింది. "గప్పుడు... నవ్వింది."

పారిపోవాలని యాదయ్య కాళ్లు తొందరపెడుతున్నాయి. అయినా ఈసారి కదల్లేదు. వంగి, గడప దగ్గర పడి ఉన్న టేపును రెండు చేతులా పట్టుకున్నాడు.

"కిష్టా... నేనే," అన్నాడు.

టార్చి వెలుతురు ఇంకా రాయి మీదే ఉంది. అక్కడ ఎవరూ లేరు. వదులుగా నేల మీద పడి ఉన్న టేపు మెల్లగా లేచి... బిగుసుకుంది.