నీడలో తీసిన రీడింగులు

తెల్ల దుప్పటి మీద పసుపు రంగు చిందించింది నేనే. ఎవరు, ఎప్పుడు అడిగినా ఒప్పుకుంటాను. కానీ ఆ దుప్పటిని రోడ్డు మీదకి తాడు కట్టి ఆరేసింది మాత్రం నేను కాదు.

“రంగు డబ్బా తెచ్చుకున్నవాళ్ళు కళ్ళు కూడా తెచ్చుకోవాలి కదండీ!” అంటూ ఇస్త్రీ షాపులోంచి ఒకమ్మాయి దూసుకొచ్చింది. చేతిలో ఇస్త్రీ పెట్టె అలాగే ఉంది. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

“రోడ్డు కార్పొరేషన్‌దండీ.”

“దుప్పటి హోటల్ వాళ్ళది! వాళ్ళకేం చెప్పుకోమంటారు?”

“గుర్తు వేస్తున్నానండీ. రోజూ మధ్యాహ్నం రెండింటికి సరిగ్గా ఈ గుర్తు మీద నిలబడి ఎండ ఎంతుందో కొలవాలి. నా డ్యూటీ అది.”

“దానికి నిలబడ్డం ఎందుకు? నన్నడగండి, చెప్తా. మాడిపోయేంత ఉంది.”

ఆ క్షణం నుంచి నా పేరు ఎండ సారు అయిపోయింది. ఆఫీసులో ఎవరైనా అలా పిలిస్తే ఒళ్ళు మండేది గానీ, ఆమె పిలిస్తే మళ్ళీ ఒకసారి పిలిస్తే బాగుండు అనిపించేది.

నా పని సంగతి చెప్పాలి. ఊళ్ళో ఎండలు ఏటికేడు ముదురుతున్నాయి. అందుకని మా ప్లానింగ్ ఆఫీసువాళ్ళు ఏ వీధి ఎంత కాగుతోందో నెల రోజులు కొలిచి మ్యాపు తయారు చెయ్యమన్నారు. నా వంతుకి ఈ వీధి వచ్చింది. అందరికంటే వేడెక్కే పది వీధుల్లో చెట్లు నాటుతారు, రేకుల కప్పులకి తెల్ల రంగు వేస్తారు. మిగతా వీధులు ఇంకో అయిదేళ్ళు ఆగాలి. కొలిచే పెట్టెను ఛాతీ ఎత్తులో పట్టుకుని, గుర్తు మీద పది నిమిషాలు కదలకుండా నిలబడి, అంకె రాసుకోవాలి. రూలు అంతే.

నాలుగో రోజు ఆమె మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

“మా వీధి ఆ పదిలో ఉంటుందా సారూ?”

“నలభై నాలుగు డిగ్రీలు చూపిస్తోంది. ఉండకేం?”

“ఉండాలి. పోయిన వేసవిలో మా నాన్న ఇస్త్రీ పెట్టె చేతిలో ఉండగానే కళ్ళు తిరిగి పడిపోయాడు. ఇంట్లో కూర్చోమంటే వింటాడా? ఈ రేకుల కింద ఇంకో వేసవంటే నాకు భయం.”

లోపల పెద్దాయన ఎవరి ప్యాంటునో మడత పెడుతున్నాడు. చొక్కా మొత్తం తడిసిపోయి ఉంది. నేను కొలిచే పెట్టెను ఇంకాస్త గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. పదో రోజు దాకా అంతే నిష్ఠగా నిలబడ్డాను.

పదకొండో రోజు వాడు వచ్చాడు.

వీధి చివర మందుల షాపు అతనిదే. పొడుగ్గా ఉంటాడు, కళ్ళజోడు. అంత ఎండలో కూడా చెమట పట్టదు. చేతిలో ఒకే ఒక్క చొక్కా. రోజుకొక చొక్కా ఇస్త్రీకి తెచ్చేవాణ్ణి మీరెక్కడైనా చూశారా? వారానికి సరిపడా మూట కట్టి ఒకేసారి పడేస్తారు ఎవరైనా. పైగా రోజూ రెండింటికే, నేను గుర్తు మీద నిలబడే సమయానికే.

లోపలికెళ్ళి ఇద్దరూ ఒక మూలన తలలు దగ్గర పెట్టి ఏదో చూసేవాళ్ళు. తర్వాత ఆమె పుస్తకంలో ఏదో రాసుకునేది. అతనేదో అనేవాడు, ఆమె నవ్వేది.

గుర్తు మీద నిలబడితే నవ్వు వినిపిస్తుందే గానీ, ఎండ వెలుతురుకి లోపల ఏం జరుగుతోందో కనిపించదు. ఎదురుగా కూల్‌డ్రింకుల షాపుంది. దాని గుడారం కింద నిలబడితే మొత్తం కనిపిస్తుంది. ఎనిమిది అడుగుల దూరం, అంతే. వెళ్ళి నిలబడ్డాను. కౌంటర్లో కూర్చునే అమ్మాయి స్టూలు కూడా వేసింది.

నాతోపాటు పెట్టె కూడా నీడలోకి వచ్చింది. వెనక ఫ్రిజ్ తలుపు తెరిచినప్పుడల్లా చల్లగాలి వచ్చి దానికి తగిలేది. ముప్పై ఎనిమిది అని చూపిస్తే ముప్పై ఎనిమిదే రాశాను. వీధి అదేగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ ఇరవై రోజులూ నా కళ్ళు పెట్టె మీద లేవు. మందుల షాపువాడి కళ్ళజోడు మీద ఉన్నాయి.

“ఇవాళ ఎంత సారూ?” అని ఆమె అవతల్నించి అరిచేది.

“మీకు లెక్కలు చెప్పడానికి వేరేవాళ్ళు ఉన్నారుగా!” అనేవాణ్ణి.

“మీకు చల్లగా కూర్చోబెట్టేవాళ్ళు ఉన్నారుగా!” అని ఆమె గిరుక్కున లోపలికి తిరిగేది. ఆ మాటకి అర్థం ఏమిటని ఆలోచించే తీరిక నాకెక్కడిది? లోపల కడుపు మండిపోతోంటే!

నెల పూర్తయింది. మా ప్లానింగ్ మేడం నన్ను పిలిచి మ్యాపు ముందు నిలబెట్టింది.

“చుట్టూ అన్నీ ఎర్రగా ఉన్నాయి. ఈ వీధి ఒక్కటే ఆకుపచ్చ. చెట్టు లేదు, చేమ లేదు, ఎలా చల్లబడింది?”

“గాలి... బాగా ఆడుతుంది మేడం.”

“అద్భుతం! వార్డు మీటింగులో దీన్నే ఆదర్శ వీధిగా చూపిద్దాం. ఇంజనీర్లని తీసుకెళ్ళి చూపించాలి.”

పది వీధుల జాబితాలో ఇస్త్రీ షాపు వీధి లేదు. దాన్ని కొట్టేసింది నేనే. రెండు రోజులు ఆ విషయం చెప్పడానికి మేడం గది దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. చెబితే ఎందుకు అనడుగుతుంది. ఆ ఎందుకుకి జవాబు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

వార్డు మీటింగు స్కూలు హాల్లో జరిగింది. తెర మీద మ్యాపు వేసి మేడం ఆదర్శ వీధి గురించి మొదలుపెట్టిందో లేదో, ఇస్త్రీ షాపు అమ్మాయి లేచి నిలబడింది. పక్కన వాళ్ళ నాన్న, ఇంకో పక్కన మందుల షాపువాడు.

“చల్లగా ఉందా? మా వీధా? ఎవరు కొలిచారు మేడం? కళ్ళు మూసుకుని కొలిచారా?”

మందుల షాపువాడు జేబులోంచి చిన్న థర్మామీటరు తీశాడు. “మందులు పాడవకుండా షాపులో పెట్టుకునేది మేడం. నాన్న గురించి భయపడి ఈవిడ అడిగితే రోజూ రెండింటికి తీసుకెళ్ళి చూశాం. రేకుల కింద ఏ రోజూ నలభై అయిదుకి తగ్గలేదు. ఈ పుస్తకంలో ఉంది.”

అప్పుడు తెలిసింది ఆ మూలన తలలు దగ్గర పెట్టి చూసిందేమిటో. నేను ఎండని వదిలేసి వాళ్ళని చూస్తూ కూర్చుంటే, వాళ్ళు కూర్చుని ఎండని చూశారు. తల కొట్టేసినట్టయింది.

“లోపలి వేడి వేరు, వీధి వేడి వేరు బాబూ,” అంది మేడం. “లోపల ఇస్త్రీ పెట్టెలుంటాయి. మా ఉద్యోగి పద్ధతి ప్రకారం కొలిచాడు.”

“అయినా సరే, నేను ఊరుకోను మేడం,” అన్నాడతను. పక్కనున్న ఆ అమ్మాయి అతని వైపు ఎంతో గౌరవంగా చూసింది.

ఆ చూపు చూసే లేచాను. దాచడమెందుకు? సగం న్యాయం కోసం, సగం కుళ్ళుతో.

“మేడం, పద్ధతి ప్రకారం కొలవలేదు. పదకొండో రోజు నుంచి నేను గుర్తు మీద లేను. ఎదుటి షాపు నీడలో నిలబడ్డాను. ఆ రీడింగులు తప్పు.”

మేడం నా వైపు తిరిగింది.

“నీడలో ఎందుకు నిలబడ్డావ్?”

“అక్కణ్ణించి అయితే ఇస్త్రీ షాపు లోపలికి కనిపిస్తుంది మేడం.”

“లోపల ఏముంది?”

నా చూపు నా మాట వినకుండా వెళ్ళి ఆ అమ్మాయి మీద వాలింది. మొదట వెనక వరసలో ఒక ముసలమ్మ నవ్వింది. తర్వాత హాలంతా నవ్వింది. మేడం కూడా నోటికి ఫైలు అడ్డం పెట్టుకుంది. నవ్వనిది వాళ్ళు ముగ్గురే. పెద్దాయన నన్ను పైనుంచి కిందకి చూశాడు. మందుల షాపువాడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆమె నా దగ్గరకొచ్చింది. అప్పటిదాకా ‘మీరు’ అన్న మనిషి ఒక్కసారిగా ‘నువ్వు’లోకి దిగింది.

“మా నాన్న ప్రాణం నీకు ఆటగా ఉందా?”

ఆ ఒక్క మాట అనేసి వెళ్ళిపోయింది. నవ్విన హాలంతా ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు మేడం నాకు మెమో ఇచ్చింది. దాంతోపాటు ఆర్డరు కూడా: ఆ వీధిని పది రోజులు మళ్ళీ కొలవాలి. పెట్టె నేను పట్టుకోవాలి, అంకె మాత్రం వీధివాళ్ళలో ఒకరు రాయాలి.

రెండింటికి గుర్తు మీద నిలబడ్డాను. ఆమె పెన్ను పట్టుకుని వచ్చింది. నా ముఖం వంక చూడలేదు.

“నలభై నాలుగున్నర,” అన్నాను.

“నాకూ కళ్ళున్నాయి.”

అలా ఆరు రోజులు. ఏడో రోజు రాస్తూ రాస్తూ అడిగింది.

“ఆ కూల్‌డ్రింకుల అమ్మాయి కోసం కాదా అయితే?”

“ఏ అమ్మాయి?”

“ఏ అమ్మాయా! స్టూలు వేసేది, సీసా మూత తీసిచ్చేది. ఇరవై రోజులు చూశాను నేను. ఇస్త్రీ పెట్టె కింద నాలుగు చొక్కాలు మాడిపోయాయి తెలుసా?”

నాకు ఎండలో చల్లటి నీళ్ళు తాగినట్టయింది. నవ్వు ఆపుకోలేకపోయాను.

“నవ్వకు, పెట్టె కదుల్తోంది.”

“మందుల షాపాయన...”

“అడిగాడు, పెళ్ళి చేసుకుంటావా అని. మంచి మనిషి. ఆలోచించి చెప్తానన్నాను.”

నవ్వు ఆగిపోయింది. “ఏం చెప్పావు?”

“మీటింగు అయిపోయాక చెప్పాను, వద్దని. కోపంతో ఊగిపోతూ కూడా అదే చెప్పాను. ఎందుకో నాకే అర్థం కాలేదు.”

పది రోజుల రీడింగులూ మేడం బల్ల మీద పెట్టాను. ఇస్త్రీ షాపు వీధి జాబితాలో మూడోది. వారానికల్లా రేకులకి తెల్ల రంగు వేశారు, షాపులో నాలుగు డిగ్రీలు తగ్గింది. రోడ్డు పొడవునా మొక్కలు నాటారు. షాపు ముందు నాటిన మొక్క నా మోకాలి దాకా కూడా లేదు.

“ఇది నీడ ఇవ్వడానికి ఎన్నేళ్ళు పడుతుంది?” అని అడిగింది, పాదులో నీళ్ళు పోస్తూ.

“అయిదేళ్ళు.”

“ఈ అయిదేళ్ళూ ఎదుటి షాపులోనే నిలబడతావా?”

“లేదు. మీ నాన్నతో మాట్లాడతాను.”

“ఎప్పుడు?”

“ధైర్యం వచ్చాక.”

లోపల ఇస్త్రీ పెట్టె చప్పుడు ఆగింది.

“ఎండలో నిలబడి పిల్లనడగడం ఏంటయ్యా!” అన్నాడు పెద్దాయన. “లోపలికి రా, చల్లగా ఉంది.”