పదకొండో ల్యాప్‌టాప్ సీలు

జాన్‌ని చంపినవాళ్ళు అతని పర్సు ముట్టుకోలేదు, ఫోన్ ముట్టుకోలేదు. సముద్రం అవతలి ఒక నగరంలో, హోటల్ లిఫ్టు తలుపు తెరుచుకోగానే రెండు తూటాలు దించి, మెట్ల మీదుగా తాపీగా దిగి వెళ్ళిపోయారు. అతను ఏ నిమిషానికి కిందికి వస్తాడో వాళ్ళకి తెలుసు. ఆ సంగతి జాన్ తన ల్యాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా రాయలేదు.

ఈ వార్త ఓంకార్‌కి బెంగళూరు బొమ్మనహళ్ళిలోని సుబ్బలక్ష్మమ్మ మెస్‌లో, అన్నంలో పులుసు పోసుకుంటుండగా అందింది. ఎదురుగా కూర్చున్నది గూఢచారి ఏజెన్సీలో అతని బాస్ వరూధిని. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఓంకార్ ఏడు పాస్‌పోర్టులు, రెండు పెట్టుడు మీసాలు, ఒక మోకాలు అరగదీశాడు. ఇకనైనా తనని ఫైళ్ళ గదిలో పడేయమని అడుగుదామని వచ్చాడు. అడిగే వ్యవధి ఆవిడ ఇవ్వలేదు.

విదేశాల్లో ఉన్న తమ ఏజెంట్ల ల్యాప్‌టాప్‌లు ఏడాదికోసారి ఈ వీధి చివరి ల్యాబ్‌కి వస్తాయి. పైకి అదొక మామూలు సర్వీస్ సెంటర్. ఉబ్బిన బ్యాటరీలు, అరిగిన కీబోర్డులు, ఒక్కోసారి మదర్‌బోర్డు కూడా మార్చి తిరిగి పంపుతారు. జాన్ మెషీన్ అక్కడినుంచి తిరిగెళ్ళిన నెలకే జాన్ పోయాడు. దాని అడుగున ల్యాబ్ వాళ్ళ పచ్చ స్టిక్కర్, అంటే సెక్యూరిటీ సీల్ అయిందన్న గుర్తు, శుభ్రంగా అంటించే ఉంది. ఎవరో లోపలివాళ్ళే ఒక విదేశీ ముఠాకి అమ్ముడుపోయారు. ఇప్పుడు ఇంకో పదకొండు మెషీన్లు రావాలి. పది వచ్చేశాయి. పదకొండోది శుక్రవారం మధ్యాహ్నం వచ్చి, అదే సాయంత్రం మిగతావాటితో కలిసి విమానం ఎక్కాలి.

"ఆ పదకొండోది ఎవరిది?" అని అడిగాడు ఓంకార్.

"జెస్సీది."

ఓంకార్ చేతిలోని ముద్ద ఆకులో పెట్టేశాడు. జెస్సీకి ఈ పని నేర్పింది అతనే. ఆరేళ్ళుగా ఆ పిల్ల క్షేమం అతనికి తెలిసే దారి ఒక్కటే. అక్షర అనే పేరుతో ఆమె వారం వారం ఇంటర్నెట్‌లో ఈ మెస్‌కి రివ్యూ రాస్తుంది. రెండు స్టార్లు వేస్తే క్షేమం. ఐదు వేసిందంటే ప్రమాదంలో పడినట్టు. ఫైళ్ళ గది మాట ఓంకార్ ఇక ఎత్తలేదు.

మర్నాడు అతను తలకి రంగు వేసుకుని, బసవరాజు అనే పేరుతో కాంట్రాక్ట్ టెక్నీషియన్‌గా ల్యాబ్‌లో చేరాడు. ఆఫీసు వాళ్ళు కెమెరా ఉన్న కళ్ళజోడు ఇచ్చారు. అద్దాల పవర్ మాత్రం ఎవరూ సరిచూడలేదు. రెండు రోజులు తలనొప్పితో స్క్రూలు విప్పాడు.

ల్యాబ్ మేనేజర్ ప్రిస్కిల్లా. ఆవిడ నడిచొస్తుంటే సోల్డరింగ్ చేసేవాళ్ళు వేళ్ళు కాల్చుకునేవాళ్ళు. ముదురు రంగు చీర, దానికి తగిన లిప్‌స్టిక్, అందరినీ గారూ అని పిలిచే మర్యాద. ఏజెన్సీ పదేళ్ళుగా నమ్మిన మనిషి.

అసలు గుట్టు మూడో రోజు పక్క బల్ల నాగరాజ్ దగ్గర బయటపడింది. అతను తాతల కాలం నుంచి బెంగళూరులో ఉన్న తెలుగువాడు, మాట దాచుకోలేడు. ప్రతి ల్యాప్‌టాప్‌లో ఒక సెక్యూరిటీ చిప్ ఉంటుంది. దాని మెమరీలో చోటు బహు తక్కువ. ఆ కొంచెం చోటులో ఒక అంకె దాస్తారు. ఆన్ చేయగానే మెషీన్ ముందు ఆ అంకె చూసుకుంటుంది. ఫర్మ్‌వేర్, అంటే మెషీన్‌ని మేల్కొలిపే మొదటి ప్రోగ్రాం, వెర్షన్ అంతకంటే పాతదైతే, దాని మీద కంపెనీ సంతకం ఉన్నా సరే, స్టార్ట్ కానివ్వదు. కొత్త బోర్డులో ఆ అంకె సున్నా. సీల్ స్టిక్ అనే గోరంత పరికరాన్ని గుచ్చి పవర్ నొక్కితే, మొదటి రెండు సెకన్లలో అంకె ఎనిమిదికి, అంటే ఇప్పటి వెర్షన్ నంబరుకి, ఎక్కుతుంది. ఆ వెంటనే చిప్ తలుపు మూసుకుంటుంది.

"ఎక్కించిన అంకె మళ్ళా దిగదప్పా," అన్నాడు నాగరాజ్. "ఎక్కించినాక ఏమన్నా తేడా వస్తే బోర్డు చెత్తబుట్టకే. అందుకే సీల్ ఆఖర్లో చేస్తాము. స్టిక్కర్ మాత్రం ముందే అంటిస్తాము, పని అయినట్టు కనపడాల కదా."

"ఆఖర్లో మర్చిపోతే?"

"అదీ ఉండాది," అని నవ్వాడు నాగరాజ్.

ఓంకార్‌కి నవ్వు రాలేదు. జాన్‌ని చంపింది ఈ అలవాటు. పాత ఐదో వెర్షన్‌లో పెద్ద కన్నం ఉందని అందరికీ తెలుసు. స్టిక్కర్ ఉండి సీలు లేని మెషీన్‌లో దాన్ని ఎక్కిస్తే, అవతల కూర్చున్నవాడు ప్రతి అక్షరం చదువుకోవచ్చు. ఇంత చిన్న బద్ధకానికి ఒక మనిషి ప్రాణం పోయిందంటే ఓంకార్‌కి కోపం కంటే ముందు నీరసం వచ్చింది.

మర్నాటి పొద్దున ఎవరూ రాకముందే వచ్చి, పది మెషీన్లకీ అంకె ఎక్కించేశాడు. ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం మూడింటికి జెస్సీ ల్యాప్‌టాప్ వచ్చింది. కీబోర్డు సందుల్లో ఇసుక, మూత మీద ఒక గీత. ఓంకార్ బోర్డు మార్చి మూత బిగించేసరికి నాగరాజ్ వచ్చి అలవాటుగా పచ్చ స్టిక్కర్ అంటించాడు. అంతలో టీ వేళయింది. నాలుగుంబావుకి ల్యాబ్ మొత్తం రోడ్డు దాటి టీ కొట్టుకి వెళ్ళడం అక్కడి ఆచారం, ఉండిపోతే అందరూ వింతగా చూస్తారు. ఓంకార్ కళ్ళజోడు బల్ల మీద మర్చిపోయినట్టు వదిలి వెళ్ళాడు.

కొట్టు దగ్గర నిలబడి, కళ్ళజోడు కెమెరా చూపించేది ఫోన్‌లో చూశాడు. ఖాళీ ల్యాబ్‌లో ప్రిస్కిల్లా లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల రంగు లేదు, పెన్‌డ్రైవ్ ఉంది. ఏదీ ఆన్ చేయకుండానే, వరసగా పదకొండింటిలోనూ గుచ్చి పాత ఐదో వెర్షన్ ఎక్కించింది. జెస్సీది ఆఖర్న.

వరూధినికి ఫోన్ చేస్తే, మనుషులు బయలుదేరారని, సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారని చెప్పింది. నలభై నిమిషాలట. కొరియర్ వ్యాన్ అప్పటికే గేటు దగ్గర ఆగి ఉంది. గార్డులు ప్రిస్కిల్లా మనుషులు. ఈ వారమే చేరిన కాంట్రాక్ట్‌వాడు అరిస్తే బయటికి గెంటుతారు.

లోపలికి వచ్చేసరికి పది డబ్బాలకి టేపు పడింది. జెస్సీది ప్రిస్కిల్లా చేతిలో ఉంది.

"సంతకం పెట్టేయండి బసవరాజు గారూ, ఫ్లైట్ టైమ్ అవుతోంది."

ఓంకార్ ఫారం అందుకుని, కొత్త బోర్డు కదా, ఒక్కసారి ఆన్ చేసి చూపిస్తే పెట్టేస్తానన్నాడు. తను కాదంటే నాగరాజ్ కళ్ళు మూసుకుని పెట్టేస్తాడని అతనికి తెలుసు. డబ్బాల పక్కన నిలబడ్డ కొరియర్ మనిషి కూడా, అవును మేడమ్, చూపించండి అన్నాడు. ప్రిస్కిల్లాకి భయమేముంది? పాత వెర్షన్ కూడా చూడ్డానికి కొత్తదానిలాగే స్టార్ట్ అవుతుంది. టచ్‌ప్యాడ్ కొంచెం మొరాయిస్తోందంటూ ఓంకార్ మౌస్ తెచ్చి, దాని గోరంత రిసీవర్‌ని పక్కన గుచ్చాడు.

పవర్ బటన్ ఆవిడే నొక్కింది.

ఒక సెకను నల్లగా. ఇంకో సెకను. తర్వాత స్క్రీన్ నిండా ఎరుపు, దాని మీద ఒకే లైను: పాత వెర్షన్, అనుమతి లేదు.

కొరియర్ మనిషి మొహం చిట్లించి, ఒకటి చెడితే లాట్ మొత్తం తీసుకోకూడదని రూలని చెప్పి, వ్యాన్ వెనక్కి తిప్పడానికి వెళ్ళిపోయాడు. ప్రిస్కిల్లా ఆ రిసీవర్ కేసి చాలాసేపు చూసింది. అది మౌస్‌ది కాదని, పైన తొడుగు మార్చిన సీల్ స్టిక్ అని ఆవిడకి అర్థమైంది.

"మిగతావి?"

"అన్నీ ఎనిమిదే మేడమ్."

ఆవిడ చేయి హ్యాండ్‌బ్యాగ్ వైపు కదిలింది.

"వద్దు," అన్నాడు ఓంకార్. "మీరు కాల్చినా ఆ అంకె దిగదు. నాకా పరిగెత్తే మోకాలు లేదు."

ఆవిడ బ్యాగ్ వదిలేసి స్టూలు మీద కూలబడింది. జాన్‌ని చంపుతారని తనకి చెప్పలేదంది. ఓంకార్ నమ్మాడు. నమ్మినందువల్ల బరువేమీ తగ్గలేదు. సిల్క్ బోర్డు దాటుకుని మనుషులు వచ్చేదాకా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

మెషీన్లలో ఎనిమిదో వెర్షన్ మళ్ళీ ఎక్కించి పంపారు. రెండు వారాల తర్వాత ఓంకార్ మెస్‌లో కూర్చుని ఫోన్ తెరిచాడు. అక్షర రాసింది: రెండు స్టార్లు, పులుసులో ఉప్పు ఎక్కువ. అతను దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు.

సుబ్బలక్ష్మమ్మ గరిటె పట్టుకుని అతని భుజం మీదుగా తొంగి చూసింది.

"ఈ అక్షర ఎవతో గానీ, ఆరేండ్లుగా నాకు రెండే ఇస్తాండాది. ఒక్కసారి కంటపడనీ, చెప్తా."

"ఐదు వేయకుంటే అదే పదివేలమ్మా," అన్నాడు ఓంకార్.

ఆ పూట అతని ఆకులో పెరుగు పడలేదు.